పిల్లికూన చిన్నగా ఉందా? ఆందోళన పడాలో వద్దో తేల్చుకునే పద్ధతి

కూన ఫోటో చూపించి, "వయసుకు తగ్గ ఒళ్ళు లేదు, ఏమైనా జబ్బంటారా?" అని అడిగేవారు చాలామంది. ఫోటో చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం అనుభవమున్న పశువైద్యునికి కూడా సాధ్యం కాదు. ఒకే కాన్పులో పుట్టిన రెండు కూనల్లో ఒకటి నూరు గ్రాములు తక్కువ తూగుతూ కూడా నిక్షేపంగా ఎదుగుతూ ఉండవచ్చు; బొద్దుగా కనిపించే రెండోది మూడు రోజులుగా పెరగడం మానేసి, పొట్టనిండా పురుగులతో ఉండవచ్చు. అందువల్ల ఇక్కడ తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ కూన నిన్నటికంటే ఇవాళ ఎంత పెరిగింది?

వీధిలో దొరికిన కూనకైనా, అటక మీద ఈనిన ఇంటి పిల్లి కూనకైనా, డబ్బిచ్చి కొన్న పర్షియన్ కూనకైనా పద్ధతి ఇదే. కింది అంచెలను ఇచ్చిన వరుసలోనే చేయండి. వయసు తెలియనిదే బరువుకు అర్థం లేదు. బరువు రాసుకోనిదే మార్చిన తిండి పనిచేసిందో లేదో తెలియదు. అయితే కూన ఒళ్ళు చల్లబడి ఉన్నా, తల ఎత్తలేకపోతున్నా, మిగిలినవన్నీ పక్కనపెట్టి ముందు 10వ భాగం చదవండి.

1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

□ ఒక గ్రాము తేడాను కూడా చూపే వంటింటి డిజిటల్ కాటా. మనుషులు ఎక్కి నిలబడే కాటా ఈ పనికి పనికిరాదు. దాని మీద పది గ్రాముల తేడా కనిపించదు, మనకు కావలసింది సరిగ్గా ఆ పది గ్రాములే.

□ అంచు ఎత్తుగా ఉన్న గిన్నె లేదా ప్లాస్టిక్ డబ్బా, అందులో పరచడానికి పాత నూలు గుడ్డ.

□ ఒక నోటు పుస్తకం. తేదీ, వేళ, బరువు, తిన్నది, విరేచనం తీరు రాయడానికి అయిదు గళ్ళు గీసుకుంటే చాలు.

□ డిజిటల్ థర్మామీటరు, కొద్దిగా పెట్రోలియం జెల్లీ. ఈ థర్మామీటరును ఇకమీదట ఇంట్లో మనుషులకు వాడకండి.

□ పేల దువ్వెన, తెల్ల దూది, గోరువెచ్చని నీళ్ళు.

□ వేడినీళ్ళు పోసుకునే సీసా, రెండు తువ్వాళ్ళు.

వీధి కూనను పట్టుకునేటప్పుడు అది కరిచినా, గోరు గీసి రక్తం వచ్చినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. కూన చిన్నది కదా అని దీన్ని వాయిదా వేయకూడదు.

మరొక మాట. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు అననే అంటారు. గోడ పక్కన ఒంటరిగా కనిపించిన చిన్న కూన, తల్లి వదిలేసినదే కానక్కరలేదు. మిగతావాటిని మరో చోటికి చేర్చి తల్లి దానికోసం వస్తూ ఉండవచ్చు. కూన వెచ్చగా, నిశ్శబ్దంగా నిద్రపోతూ, చుట్టూ కుక్కల భయం లేకపోతే, దూరంగా ఉండి రెండు మూడు గంటలు గమనించిన తర్వాతే చేతిలోకి తీసుకోండి. ఏ డబ్బాపాలూ తల్లిపాలకు సాటిరావు.

2. వయసు తేల్చండి

చిన్నగా ఉందని భయపడ్డ సందర్భాల్లో చాలావాటికి మూలం వయసు పొరబాటే. రెండు నెలల కూన అని చెప్పి అయిదు వారాలదాన్ని అంటగట్టే అమ్మకందారులు ఉన్నారు. వీధి కూన విషయంలోనేమో అందరూ అంచనాగానే చెబుతారు. కూన ఒంటి మీదే వయసు ఆనవాళ్ళు ఉంటాయి, వాటిని చూసి లెక్కకట్టండి.

బొడ్డుతాడు ఇంకా వేలాడుతూ ఉంటే వయసు అయిదు రోజుల లోపు. కళ్ళు 7 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. తలకు అంటుకుపోయినట్లుండే చెవులు మూడో వారానికి నిటారుగా నిలబడతాయి. నాలుగో వారంలో కూన తడబడకుండా నడుస్తుంది.

మూడో వారం దాటాక పళ్ళే నమ్మదగిన ఆధారం. కూనను ఒడిలో కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో తలను వెనకనుంచి మెత్తగా పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో పై పెదవిని పక్కకు కొద్దిగా ఎత్తండి. నోరు తెరిపించనక్కరలేదు. ముందు వరుసలో బియ్యపు నూకంత తెల్లటి చుక్కలు మాత్రమే కనిపిస్తే మూడు వారాలు. సూదుల్లాంటి కోరపళ్ళు పూర్తిగా బయటికి వస్తే నాలుగు వారాలు. వాటి వెనక దవడపళ్ళు మొలుస్తుంటే అయిదారు వారాలు. మొత్తం 26 పాలపళ్ళు ఉంటే రెండు నెలలకు దగ్గరగా ఉన్నట్లు. ముందు పళ్ళు ఊడి, వాటి చోట వెడల్పాటి కొత్త పళ్ళు వస్తుంటే మూడున్నర, నాలుగు నెలలు. కోరలు కూడా మారుతుంటే అయిదు నెలలు పైబడినట్లే.

కంటి రంగు కూడా కొంత సాయపడుతుంది. కూనలన్నీ నీలి కళ్ళతో మొదలై ఆరేడు వారాల నుంచి పసుపుకో, ఆకుపచ్చకో తిరుగుతాయి. సయామీ వంటి జాతుల్లో మాత్రం నీలం నిలిచిపోతుంది.

బరువు చూసి వయసు కట్టకండి. ఎదగని కూన విషయంలో అదే అసలు చిక్కు: నాలుగు నెలల కూన ఎనిమిది వందల గ్రాములు తూగితే చూసినవారంతా రెండు నెలలదే అనుకుంటారు, జబ్బు ఉందన్న అనుమానమే రాదు. పెదవి ఎత్తి చూస్తే కొత్త పళ్ళు కనిపిస్తాయి.

3. బరువు సరిగ్గా తూయండి

గిన్నెలో గుడ్డ పరిచి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. ఆ తర్వాత కూనను అందులో ఉంచండి. అది కదిలినప్పుడల్లా అంకె గెంతుతుంది. అరచేతిని కూన వీపుకు ఒక అంగుళం పైన, తాకకుండా గొడుగు పట్టినట్లు పెడితే చాలా కూనలు రెండు క్షణాలు కదలకుండా ఉంటాయి, అప్పుడు కనిపించిన అంకెను రాసుకోండి. మూడుసార్లు తూచి నడిమి అంకెను తీసుకోవడం మేలు.

□ ప్రతిరోజూ ఒకే వేళకు తూయాలి.

□ పాలు లేదా తిండి పెట్టడానికి ముందే తూయాలి. వంద గ్రాముల కూన కడుపులో నాలుగు మిల్లీలీటర్ల పాలు ఉంటే, అంకెలో ఆ నాలుగు గ్రాములూ కలిసిపోతాయి.

□ నాలుగు వారాల లోపు కూనను రోజూ, ఆపైన ఎనిమిది వారాల వరకు రెండు రోజులకొకసారి, తర్వాత వారానికొకసారి తూయాలి.

□ ఒకే రంగు కూనలు రెండు మూడు ఉంటే, గోటి మీద వేర్వేరు గుర్తులు కాకుండా, కొద్దిగా వెంట్రుకలు కత్తిరించి గుర్తు పెట్టుకోవాలి. మెడకు దారం కట్టకూడదు. ఎదిగే కూన మెడకు అది బిగుసుకుంటుంది.

4. అంకెలను చదవండి

పుట్టినప్పుడు కూన సాధారణంగా 90 నుంచి 110 గ్రాములు ఉంటుంది. ఆపైన రోజుకు 10 నుంచి 15 గ్రాములు, అంటే వారానికి సుమారు నూరు గ్రాములు పెరగడం మామూలు. ఆ లెక్కన:

• ఒక వారానికి 150 – 250 గ్రాములు
• రెండు వారాలకు 250 – 350
• మూడు వారాలకు 350 – 450
• నాలుగు వారాలకు 450 – 550
• ఆరు వారాలకు 650 – 750
• ఎనిమిది వారాలకు 850 – 950
• మూడు నెలలకు ఇంచుమించు 1.2 – 1.5 కిలోలు
• నాలుగు నెలలకు ఇంచుమించు 1.6 – 2 కిలోలు

మన వీధి పిల్లుల కూనలు, అందులోనూ ఆడవి, ఈ అంకెల్లో కింది అంచుకు దగ్గరగా ఉండడం వింతేమీ కాదు. కింది అంచుకు ఒక వారం వెనకబడినా, రోజువారీ పెరుగుదల ఆగకపోతే కంగారు అవసరం లేదు.

ఒక ఉదాహరణ చూడండి. నాలుగు వారాల రెండు కూనల్లో పెద్దది 520 గ్రాములు, చిన్నది 390. పెద్దది నాలుగు రోజుల్లో 520, 524, 523, 521గా నడిచింది. చిన్నది 390, 401, 413, 426గా నడిచింది. ఇంట్లో అందరి దిగులూ చిన్నదాని మీదే ఉంటుంది. వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళవలసింది మాత్రం పెద్దదాన్ని.

పుట్టిన మొదటి రోజున బరువు కొద్దిగా తగ్గవచ్చు. ఆ తర్వాత ఏ వయసులోనూ కూన బరువు తగ్గకూడదు. రెండు వారాల లోపు కూన ఒక రోజంతా పెరగకపోతే పాలు చాలుతున్నాయో లేదో అదే రోజు చూడాలి. అంతకంటే పెద్ద కూన వరుసగా రెండు మూడు రోజులు పెరగకపోతే వైద్యునికి చూపాలి. ఉన్న బరువులో పదో వంతు తగ్గిందంటే ఎదురుచూడడానికి వ్యవధి లేదు.

5. ఒళ్ళంతా తడిమి చూడండి

కాటా చెప్పని సంగతులు చేతివేళ్ళు చెబుతాయి. కూనను తువ్వాలు మీద నిలబెట్టి, తల నుంచి తోక వరకు వరుసగా చూడండి.

□ పక్కటెముకలు: వేళ్ళతో మెల్లగా నొక్కితే తగలాలి, కంటికి కనిపించకూడదు. వెన్నుపూస, తుంటి ఎముకలు మొనదేలి ఉంటే కూన చిక్కిపోయినట్లు.

□ పొట్ట: తిన్న తర్వాత గుండ్రంగా ఉండడం సహజం. ఎముకలు తేలిన వీపు కింద డోలులా ఉబ్బిన పొట్ట ఉంటే పురుగులను అనుమానించాలి. కొనుక్కున్న కూనలను చూసి "బొద్దుగా ఉంది" అని మురిసిపోయేది చాలాసార్లు ఈ పొట్టను చూసే.

□ చిగుళ్ళు: గులాబి రంగులో, తడిగా ఉండాలి. తెల్లగా పాలిపోతే రక్తం తక్కువగా ఉన్నట్లు. వేలికి అతుక్కునేలా పొడిబారితే ఒంట్లో నీరు తగ్గినట్లు.

□ నోటి లోపలి పైభాగం: చీలిక ఉందేమో చూడాలి. ఉంటే పాలు తాగేటప్పుడు ముక్కులోంచి వస్తాయి.

□ తోక కింద: విరేచనం అంటుకుని ఉందా, మెతుకుల్లాంటి తెల్లటి ముక్కలు ఉన్నాయా చూడాలి.

□ శరీర నిష్పత్తి: అన్ని అవయవాలూ సమంగా చిన్నవిగా ఉన్నాయా, లేక తల పెద్దదై కాళ్ళు పొట్టిగా ఉన్నాయా గమనించాలి. రెండోది 9వ భాగానికి చెందిన విషయం.

□ నడవడి: ఆకలికి అరుస్తూ, ఆడుతూ, తోటి కూనల మీద పడుతూ ఉండే చిన్న కూన గురించి సగం దిగులు అక్కడే తీరిపోతుంది.

6. చిన్నగా ఉన్నా దిగులు అక్కరలేని సందర్భాలు

ఇవి కొన్నే, కానీ తరచుగా కనిపిస్తాయి. తల్లి ఒకే కాన్పులో అయిదారు కూనలను ఈనితే పాలు పంచుకోవలసి వచ్చి అన్నీ కొంత తక్కువ బరువుతో ఉంటాయి. కాన్పులో ఒకటి మిగతావాటికంటే చిన్నగా పుట్టడం కూడా మామూలే. ఇలాంటివి రోజూ తమ వంతు పెరుగుతూ ఉంటే ఆరేడు నెలలకు తేడా చాలావరకు పూడిపోతుంది. ఆడ కూనలు మగవాటికంటే తేలిక. పర్షియన్ కూనలు బొచ్చు వల్ల పెద్దగా కనిపిస్తాయి. స్నానం చేయిస్తే అసలు ఒళ్ళు బయటపడి యజమానులు బెదిరిపోతారు, కాటా మీద మాత్రం తేడా ఉండదు.

"టీకప్ పర్షియన్" పేరుతో ఎక్కువ ధరకు అమ్మే కూనల సంగతి వేరు. టీకప్ అనేది ఏ జాతి పేరూ కాదు. కాన్పులో అన్నిటికంటే బలహీనమైన కూననో, తిండి తగ్గించి ఎదగనీయని కూననో ఆ పేరుతో అమ్మే అవకాశం ఉంటుంది. అలాంటి కూన మీ ఇంటికి చేరి ఉంటే, అది అలాగే ఉంటుందన్న అమ్మకందారు మాటను నమ్మి ఊరుకోకుండా ఈ అంచెలన్నీ పాటించండి.

7. తిండిని సరిచేయండి

ఎదగని కూనల్లో ఎక్కువ భాగానికి కావలసింది మందు కాదు, సరైన తిండి. అందుకే ఈ భాగం మీద అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

7.1 పాలు తాగే వయసులో

ఆవుపాలు, గేదెపాలు, ప్యాకెట్ పాలు కూనకు సరిపోవు. పిల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలలో కంటే సుమారు రెట్టింపు. ఆవుపాలలోని పాలచక్కెర మాత్రం ఎక్కువ. ఫలితంగా కూనకు కడుపు నిండుతుంది, ఒళ్ళు పెరగదు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్ళు కలిపి పలచన చేసిన పాలు మరీ నష్టం. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే, పిల్లికూనల కోసమే తయారైన పాలపొడిని తెచ్చుకుని, డబ్బా మీద ఉన్న కొలత ప్రకారమే కలపాలి. త్వరగా ఎదగాలని పొడి ఎక్కువ వేసి చిక్కగా కలిపితే మలబద్ధకం, అజీర్తి వస్తాయి.

ఒక్క విడతకు 100 గ్రాముల బరువుకు సుమారు 4 మిల్లీలీటర్లు మించకుండా పట్టాలి. మొదటి వారంలో రెండు మూడు గంటలకొకసారి, రాత్రిళ్ళు కూడా; రెండో వారంలో మూడు నాలుగు గంటలకొకసారి; మూడు, నాలుగు వారాల్లో నాలుగయిదు గంటలకొకసారి.

కూనను పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పాలు పట్టడం మన ఇళ్ళలో చాలా ఎక్కువగా జరిగే, ప్రాణం మీదికి తెచ్చే తప్పు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. కూన తల్లి దగ్గర తాగేటప్పుడు ఉన్నట్లే బోర్లా ఉండాలి, తల కొద్దిగా మాత్రమే పైకి ఉండాలి. సీసా ఉంటే మంచిది. సిరంజి వాడితే చుక్కచుక్కగా వదలాలి, కూన మింగాకనే తర్వాతి చుక్క.

మూడు వారాల లోపు కూన తనంతట తాను మూత్ర విసర్జన చేయలేదు. ప్రతి విడతకూ గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో తోక కింద మెల్లగా తుడిచి చేయించాలి. ఇది తెలియక వదిలేస్తే, పాలు ఎంత బాగా పట్టినా కూన రెండో రోజుకు నీరసించిపోతుంది.

7.2 గట్టి తిండికి మారే వయసులో

నాలుగో వారం నుంచి పాలపొడి పాలలో కూనల తిండిని నానబెట్టి గుజ్జుగా చేసి పళ్ళెంలో పెట్టాలి. ఆరేడు వారాలకు పాలు తగ్గించుకుంటూ రావచ్చు. ఒక్కసారిగా పాలు మాన్పించిన కూనలే ఎక్కువగా ఈ వయసులో ఎదగడం ఆగిపోతాయి.

7.3 అన్నం లెక్క

పాలన్నం, పెరుగన్నం తిని బతుకుతున్న పిల్లులు ఊళ్ళో లేవా అని అడిగేవారు ఉంటారు. ఉన్నాయి, అవి ఎలుకలను, బల్లులను, పక్షులను పట్టి తింటున్నాయి కాబట్టి ఉన్నాయి. అపార్ట్‌మెంటులో తలుపులు మూసి పెంచే కూనకు ఆ అవకాశం లేదు.

కిలో బరువున్న కూనకు రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు కావాలి. వంద గ్రాముల అన్నంలో 130 కేలరీలు ఉంటాయి, మాంసకృత్తులు మూడు గ్రాములైనా ఉండవు. అంటే కేలరీల కోసమే ఆ కూన దాదాపు రెండు వందల గ్రాముల అన్నం, తన బరువులో అయిదో వంతు తినాలి; అప్పటికీ మాంసకృత్తుల లోటు తీరదు. అదే కూనల కోసం చేసిన పొడి తిండి అయితే 50, 60 గ్రాములతో సరిపోతుంది. సంచి మీద కూనల కోసం అని స్పష్టంగా ఉండాలి, మాంసకృత్తులు 30 శాతానికి తగ్గకూడదు. కుక్కల తిండి పెట్టకూడదు: పిల్లికి తప్పనిసరి అయిన టారిన్ అనే పోషకం అందులో చాలినంత ఉండదు; దాని లోటు వల్ల గుండె, కళ్ళు దెబ్బతింటాయి.

7.4 చికెన్ ఒక్కటే పెట్టడం

శ్రద్ధ ఉన్న యజమానులు చేసే పొరబాటు ఇది. ఎముక లేని మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. రోజూ ఉడికించిన చికెన్ మాత్రమే తినే కూన, ఆ లోటును తన ఎముకల నుంచే తీసి పూడ్చుకుంటుంది. కొన్ని వారాలకు అది గెంతడం మానేస్తుంది, కుంటుతుంది, చిన్నపాటి దూకుడుకే కాలు విరుగుతుంది. అలాంటి కూనకు వైద్యుడు చెప్పకుండా కాల్షియం చుక్కలు వేయడం మొదలుపెట్టకండి. ముందు పూర్తి తిండికి మార్చి, ఎక్స్‌రే తీయించండి. చికెన్ పెట్టాలనుకుంటే రోజు తిండిలో పదో వంతు మించకుండా, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

మాంసం ఇంట్లోకి రాని కుటుంబాల వారు కూడా పిల్లిని పెంచుతున్నారు. పప్పుతో, పాలతో పిల్లి ఎదగదు. డబ్బాలో వచ్చే కూనల తిండి వాడడం వారికి సులువైన దారి.

7.5 తిండి వరుస

□ రోజుకు నాలుగు విడతలు; ఆరు నెలలు దాటాక మూడు.

□ పాత తిండి నుంచి కొత్తదానికి ఒక వారంలో కొద్దికొద్దిగా మార్చాలి.

□ రెండు మూడు కూనలు ఉంటే ఒక్కొక్క దానికి వేరే పళ్ళెం, వేరే మూల. చిన్నదాన్ని పక్కకు నెట్టి పెద్దది రెండు వంతులూ తినేయడం, మనం ఖాళీ పళ్ళెం చూసి అన్నీ తిన్నాయనుకోవడం తరచూ జరుగుతుంది.

□ నీళ్ళు వేరే గిన్నెలో ఎప్పుడూ ఉండాలి.

□ వారం రోజులు బరువు రాసి చూడాలి. తిండి మారాక మూడు నాలుగు రోజుల్లో అంకె కదలడం మొదలవ్వాలి.

8. పురుగులు, ఫ్లీల పని పట్టండి

ఏలికపాముల పిల్లపురుగులు తల్లిపాల ద్వారానే కూనకు చేరతాయి; అందువల్ల ఎప్పుడూ గడప దాటని కూనకు కూడా నులిపురుగుల మందు అవసరమే. మూడో వారం నుంచి తొమ్మిదో వారం వరకు రెండు వారాలకొకసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకొకసారి ఇవ్వడం సాధారణ పద్ధతి. పైరాంటెల్ ఉన్న చుక్కలమందును పశువైద్యులు ఎక్కువగా రాస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి మీ నోటు పుస్తకం వెంట తీసుకెళ్ళండి. పిల్లలకిచ్చే మాత్రను ముక్క చేసి వేయకండి. మందు వేసిన మరునాడు విరేచనంలో సేమియా పోగుల్లాంటి పురుగులు పడితే కంగారు పడనక్కరలేదు. తోక చుట్టూ మెతుకుల్లాంటి ముక్కలు కనిపిస్తే అవి బద్దెపురుగువి, దానికి మందు వేరు.

ఫ్లీలు అంటే బొచ్చులో గెంతుతూ రక్తం పీల్చే గోధుమరంగు పురుగులు. 300 గ్రాముల కూనను ఇవి కొద్ది రోజుల్లోనే రక్తహీనతతో చంపగలవు. ఉన్నాయో లేవో తేల్చడానికి పేల దువ్వెనతో మెడ వెనక, తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడిపిన తెల్ల దూది మీద వేయండి. రెండు నిమిషాల్లో ఆ పొడి చుట్టూ ఇటుకరంగు మరక పాకితే అది ఫ్లీల మలం, అంటే కూన ఒంట్లోంచి పీల్చిన రక్తమే. మట్టి అయితే రంగు దిగదు.

ఎనిమిది వారాల లోపు కూనకు గోరువెచ్చని నీటిలో ఒకటి రెండు చుక్కల గిన్నెలు కడిగే ద్రవం కలిపి, తల మినహా త్వరగా స్నానం చేయించి, వెంటనే తుడిచి వెచ్చగా ఆరబెట్టి, దువ్వెనతో పురుగులను తీయడం సురక్షితం. పక్కగుడ్డలన్నీ వేడినీళ్ళలో ఉతకాలి. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ చుక్కలు, చీమల పొడి, కర్పూరం, వేపనూనె జోలికి పోకండి. పెర్మెత్రిన్ పిల్లికి విషం.

9. అరుదైనవి, కానీ తెలిసి ఉండవలసినవి

తిండి సరిచేసి, పురుగులు పోయాక కూడా రెండు వారాల్లో బరువు కదలకపోతే పుట్టుకతో వచ్చిన లోపం గురించి ఆలోచించాలి. ఇక్కడ మీరు చేయగలిగింది గమనించి వైద్యునికి చెప్పడమే.

కూన తిన్న కాసేపటికి మత్తుగా పడిపోవడం, నోటి వెంట చొంగ కారడం, మూర్ఛ రావడం, ఒంటి రంగుకు పొంతన లేని రాగి రంగు కళ్ళు ఉండడం: ఇవి కాలేయాన్ని దాటవేసి రక్తం పారే లోపానికి గుర్తులు. పాల మీద ఉన్నంతకాలం బాగుండి, గట్టి తిండి మొదలుపెట్టగానే నమలని ముక్కలు అలాగే వెనక్కి వస్తూ ఉంటే ఆహారనాళాన్ని రక్తనాళం నొక్కుతూ ఉండవచ్చు. దీన్ని వాంతి అని మాత్రమే చెబితే దారి తప్పుతుంది, వీలైతే ఫోనులో వీడియో తీసి చూపండి. తల వెడల్పుగా, కాళ్ళు పొట్టిగా, బొచ్చు పసికూన బొచ్చులా మిగిలిపోయి, ఎప్పుడూ మందకొడిగా, మలబద్ధకంతో ఉంటే థైరాయిడ్ లోపం కావచ్చు. ఇది మందుతో నడుస్తుంది. ఆడితే ఆయాసపడే కూనకు గుండె పరీక్ష చేయించాలి. పిల్లులకు సోకే ఫీలైన్ ల్యుకేమియా అనే వైరస్ కూడా ఎదుగుదలను ఆపుతుంది. రక్తపు చుక్కలతో చేసే పరీక్ష ఉంది.

10. ఆగకుండా తీసుకెళ్ళవలసిన లక్షణాలు

□ ఒళ్ళు చల్లగా, నోరు చల్లగా ఉండడం. మలద్వారంలో తీసిన ఉష్ణోగ్రత మొదటి వారంలో 35 – 37 డిగ్రీల సెల్సియస్, నెల దాటాక సుమారు 38 – 39 ఉండాలి.

□ పాలు పీల్చలేకపోవడం, తల వాలిపోవడం, ఆగకుండా సన్నగా మూలగడం.

□ చిగుళ్ళు తెల్లబడడం.

□ రెండు మూడుసార్లు వాంతి, నీళ్ళ విరేచనాలు, రక్తం. టీకా పడని కూనల్లో ఇవి పాన్‌ల్యుకోపీనియా అనే వైరస్ జబ్బుకు గుర్తులు కావచ్చు, అది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు.

□ నోరు తెరిచి ఊపిరి తీయడం.

చల్లబడ్డ కూనకు పాలు పట్టకండి. దాని కడుపు పనిచేయదు, పాలు లోపలే పులిసి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతుంది. ముందు వేడినీళ్ళ సీసాను రెండు పొరల తువ్వాలులో చుట్టి, కూనను దాని పక్కన పెట్టి, అరగంట నుంచి గంటలో మెల్లగా వెచ్చబరచండి. పక్కకు జరగడానికి చోటు ఉండాలి. తర్వాత చక్కెర నీళ్ళను వేలికి అద్ది ఒకటి రెండు చుక్కలు చిగుళ్ళకు రాయండి. మింగుతూ, కదులుతూ ఉంటేనే పాలు. ఈ పనులు చేస్తూనే బయలుదేరే ఏర్పాటు చూసుకోవాలి. జ్వరం ఉన్నట్లు అనిపించినా పారాసిటమాల్ ఒక్క చుక్క కూడా వేయకండి. అది పిల్లులకు ప్రాణాంతకం.

వేసవిలో మన ఊళ్ళలో చల్లబడడమేమిటని అనుకోవద్దు. మొదటి వారంలో కూనకు చుట్టూ 29 – 32 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఏసీ గదిలో, గచ్చు మీద, ఫ్యాను కింద పెట్టిన కూన మే నెలలో కూడా చల్లబడుతుంది.

11. వైద్యుని దగ్గరికి వెళ్ళేటప్పుడు

కుక్కలను, పశువులను మాత్రమే ఎక్కువగా చూసే చోట కాకుండా, వీలైతే పిల్లులను తరచుగా చూసే వైద్యుని దగ్గరికి వెళ్ళండి. పట్టణాల్లో ప్రైవేటు క్లినిక్కులే కాక, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులు కూడా ఉన్నాయి. 1962కు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడిపశువుల కోసం ఏర్పడ్డవి; దగ్గరలోని ఆసుపత్రి వివరం తెలుసుకోవడానికి మాత్రం పల్లెల్లో ఉన్నవారు ప్రయత్నించవచ్చు.

□ బరువు రాసిన పుస్తకం

□ ఆ రోజు విరేచనం, చిన్న మూత డబ్బాలో

□ పెడుతున్న తిండి సంచి ఫోటో, రోజుకు ఎంత పెడుతున్నారన్న లెక్క

□ ఇప్పటిదాకా వేసిన మందుల పేర్లు, తేదీలు

□ తువ్వాలు పరిచిన, గాలి తగిలే పెట్టె

విరేచన పరీక్ష చేయమని మీరే అడగండి. కాక్సిడియా, జియార్డియా వంటి సూక్ష్మజీవులు నులిపురుగుల మామూలు మందుకు లొంగవు, కంటికి కనిపించవు. పరీక్ష చేయకుండా మళ్ళీ మళ్ళీ అదే మందు వేయడం వల్ల కాలం వృథా అవుతుంది. కూన చిన్నగా ఉన్నంత మాత్రాన టీకాలు ఆపనక్కరలేదు: ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాల వరకు మూడు నాలుగు వారాలకొకసారి, రేబిస్ టీకా మూడు నెలలకు. జ్వరమో, విరేచనాలో ఉంటే మాత్రం తగ్గేదాకా ఆగాలా, ఎప్పుడు వేయాలి అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు.

12. ఏడాది నిండినా చిన్నగానే ఉంటే

పిల్లి ఎదుగుదల చాలావరకు పది, పన్నెండు నెలలకు పూర్తవుతుంది. మన వీధి పిల్లుల్లో ఆడవి రెండున్నర నుంచి మూడున్నర కిలోలు, మగవి మూడున్నర నుంచి అయిదు కిలోల మధ్య స్థిరపడడం సాధారణం. పసితనంలో తిండి లేక వెనకబడ్డ పిల్లి రెండు కిలోల చిల్లర దగ్గరే ఆగిపోవచ్చు. అది చురుకుగా ఉండి, నెలకొకసారి తూచినప్పుడు బరువు నిలకడగా ఉంటే, బలవంతంగా తినిపించి పెద్దది చేయనక్కరలేదు. ఎముక పెరుగుదల ముగిశాక ఎక్కువ తిండి కొవ్వుగానే మారుతుంది.

ఒళ్ళు చిన్నదే కదా అని ఆడ పిల్లిని మగ పిల్లులతో వదిలేయడం మాత్రం ప్రమాదం. నాలుగైదు నెలల వయసులోనే, ఇంకా కూనలా కనిపిస్తూనే, అది కడుపుతో ఉండగలదు. ఇరుకైన కటివలయం వల్ల కాన్పు కష్టమై తల్లీ పిల్లలూ పోయే అవకాశం ఉంది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స ఏ బరువుకు చేయగలరో మీ వైద్యుని మూడో నెల టీకా రోజునే అడిగి, పుస్తకంలో ఆ అంకెను రాసి పెట్టుకుని, కాటా అక్కడికి చేరిన వారంలోనే తేదీ తీసుకోండి.